తొమ్మిది కాళ్ల రేకు

శుక్రవారం సాయంత్రాలు నా పని
ఆన్సెల్ విట్కోని కడిగెయ్యడం.

న్యూయార్క్‌లో నలభై ఏడో వీధి, మూడో అంతస్తు,
కిటికీ లేని గది, రెండు తొట్లు.
వారమంతా అతను కాగితం మీద గీసింది
పై అంతస్తు అమ్మాయిలు సెల్యులాయిడ్ రేకుల మీద సిరాతో దిద్దేవాళ్లు.
కెమెరా ఒకసారి చూశాక
రేకులన్నీ నా సబ్బునీళ్లలోకి.
"రేకుకి ఏడు సెంట్లు, బొమ్మ ఉచితం" అనేవాడు
మా యజమాని గ్రున్‌బాక్.
కాబట్టి బొమ్మ పోవాలి, రేకు మిగలాలి.

నా పేరు ఫిలొమీనా స్కార్పా. అప్పటికి పందొమ్మిదేళ్లు.
మోచేతుల దాకా ఒక పెలికాన్ పక్షి కరిగి కారేది.

ఆ పెలికాన్ అతనిదే.
ఉత్తరాలు పంచే ఉద్యోగం. సంచీ అక్కర్లేదు, ముక్కే సంచీ.
అందరి ఉత్తరాలూ తనే ముందు చదివి, ఏడ్చి,
తడిసినవాటిని కరెంటు తీగ మీద ఆరేసి
ఆలస్యంగా పంచేది.

అప్పట్లో తెరమీద బొమ్మలకి ఎముకలుండేవి కావు,
తోట తడిపే గొట్టాల్లా ఊగేవి.
విట్కో వాళ్ల నాన్న బ్రూక్లిన్‌లో
ఐసు దిమ్మలు వీపున మోసి నాలుగంతస్తులెక్కేవాడట.
"బరువు ముందు మోకాలికి తెలుస్తుంది, ఫిల్,
తర్వాత నడుముకి.
మొహానికి అందరికన్నా ఆఖర్న."
తొట్టి పక్కన నిలబడి చెప్పేవాడు,
వెలిగించని సిగరెట్ నములుతూ.
నిప్పురవ్వ పడితే భవనమే లేచిపోతుంది మరి.

అందుకే చావు కబురున్న కవరు ఎత్తగానే
ఇంకా చింపకముందే
పెలికాన్ మోకాళ్లు కాస్త కుంగేవి.
హాల్లో నవ్వు ఆగేది.
పావు సెకను. ఆరు బొమ్మలు.
లెక్కపెట్టి మరీ కడిగాను.

ఒకరోజు ఒక రేకులో పక్షికి తొమ్మిది కాళ్లు.
"తాగి గీశావా?" అని అరిచాడు గ్రున్‌బాక్.
"నడిపించి చూడండి" అన్నాడు విట్కో.
దీపాలార్పారు.
కాళ్లు ఎవరికీ కనబడలేదు. పరుగు కనబడింది.
సెకనులో ఇరవైనాలుగో వంతు అబద్ధం,
దానికి తక్కిన ఇరవైమూడూ సాక్ష్యం చెప్పాయి.

ముప్పై ఏడులో సమ్మె.
అతని ప్లకార్డు మీద ఒక్క అక్షరం లేదు,
ఖాళీ ముక్కు తెరుచుకున్న పెలికాన్, అంతే.
అయిదు నెలల తర్వాత మమ్మల్ని లోపలికి రానిచ్చారు.
అతన్ని రానివ్వలేదు.
పెలికాన్‌ని మాత్రం ఉంచుకున్నారు, కాగితాల ప్రకారం అది వాళ్లది.
కొత్త చేతులు గీశాయి, బాగానే గీశాయి.
మోకాళ్లు కుంగడం మానేశాయి.

తర్వాత కబుర్లు ముక్కలు ముక్కలుగా వచ్చేవి.
యుద్ధంలో సిపాయిలకి పళ్లు తోముకోవడం నేర్పే బొమ్మలు గీస్తున్నాడని.
పెళ్లి నిలవలేదని.
చాలా ఏళ్లకి, లాండ్రీ షాపులో టీవీ నడుస్తోంది,
బట్టల సబ్బు ప్రకటన.
ఒక బుడగ మాసిన చొక్కాల మూట ఎత్తబోతోంది.
బుడగకి మోకాళ్లేవి?
అయినా ఎత్తేముందు అది కుంగింది.
"విట్కో!" అని అరిచాను.
పక్కావిడ తన బుట్ట దగ్గరికి లాక్కుంది.

చివర్లో చెయ్యి వణికేదట, గీతా వణికేది.
దాచకుండా ప్రతి బొమ్మలోనూ గాలి వీయించాడట.
పేపర్లో రెండు లైన్లు వేశారు. ఇంటిపేరులో అక్షరం తప్పు.

ఆ తొమ్మిది కాళ్ల రేకు కడగలేదు నేను.
లెక్క తగ్గిందని జీతంలో ఏడు సెంట్లు కోశారు.
ఇప్పుడది పసుపెక్కింది, అంచులు చుట్టుకుపోతున్నాయి.
స్టౌకి దూరంగా బీరువాలో ఉంచాను.
తీస్తే సన్నగా కర్పూరం వాసన.

మనవరాలు చూసి "ఇదేంటి, తప్పుగా గీశారు" అంది.
నిజమే, ఒక్కటే చూస్తే తప్పే.
ముందొకటి, వెనకొకటి ఉండాలి దానికి.

వాటిని కడిగింది నేనే.